ఒకే ఫ్లాస్కులో మూడు రసాయనాలు

ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివిన మన శ్రీకాకుళం, విజయనగరం పిల్లలకు ఉద్యోగం అనగానే ముందు గుర్తొచ్చేది మందుల కంపెనీలున్న పైడిభీమవరం. అక్కడ రియాక్టర్ దగ్గర నిలబడ్డాకే వాళ్లకి అసలు సంగతి బోధపడుతుంది. రియాక్షన్ జరిపించడం ఒక ఎత్తు, తయారైన సరుకును వేరుచేయడం ఇంకో ఎత్తు. వడపోయాలి, కడగాలి, సాల్వెంట్‌ని, అంటే రసాయనాలను కరిగించే ద్రవాన్ని, ఆవిరిచేసి తీయాలి, ఆరబెట్టాలి. పుస్తకంలో చిన్న బాణం గుర్తు వెనక ఇంత చాకిరీ ఉంటుంది. మందు తయారీలో ఆరు రియాక్షన్ మెట్లుంటే ఇంచుమించు ఈ తతంగమంతా ఆరుసార్లు. కిలో మందుకి 25 నుంచి 100 కిలోలు, ఒక్కోసారి అంతకు మించి వ్యర్థం వస్తుందని రసాయనవేత్త రోజర్ షెల్డన్ 1992లో లెక్కగట్టాడు. అందులో పెద్ద వాటా సాల్వెంట్లదే.

అన్నీ ఒకే ఫ్లాస్కులో కలిపి మెట్లు తగ్గించే దారి పాతదే. 1891లో ఇటలీ రసాయనవేత్త పియెత్రో బిజినెల్లి బెంజాల్డిహైడ్, యూరియా, ఇథైల్ అసిటోఅసిటేట్ మూడింటినీ ఆల్కహాల్‌లో వేసి, కాస్త హైడ్రోక్లోరిక్ ఆమ్లం చేర్చి మరిగించాడు. యూరియా అంటే మన వరి చేలల్లో చల్లేదే. ఫ్లాస్కు చల్లారాక తెల్లటి స్ఫటికాలు దిగుతాయి.

మూడూ కలిపి పోశాం కదా అని మూడూ ఒక్కసారే అతుక్కోవు. ముందు బెంజాల్డిహైడ్, యూరియా కలుస్తాయి. ఆమ్లం సాయంతో ఒక నీటి అణువు పోయి, ధనావేశంతో నిలకడలేని ముక్క ఒకటి పుడుతుంది. దాన్ని సీసాలో పట్టి దాచుకోలేం. పుట్టగానే ఇథైల్ అసిటోఅసిటేట్ వచ్చి పట్టేసుకుంటుంది. ఆపైన యూరియాలో మిగిలిన నైట్రోజన్ వెనక్కి తిరిగి అవతలి కార్బన్‌తో ముడిపడుతుంది. ఇంకో నీటి అణువు పోతుంది, వలయం మూతపడుతుంది. అందులో నాలుగు కార్బన్లు, రెండు నైట్రోజన్లు. ఇలా కార్బన్‌తో పాటు వేరే మూలకం కూడా చేరిన వలయాలే హెటెరోసైక్లిక్ సమ్మేళనాలు.

ఇక్కడ లెక్క చూడండి. వేసిన మూడింటి అణుభారాలు 106, 60, 130. మొత్తం 296. వచ్చిన పదార్థం 260. తేడా 36, అంటే రెండు నీటి అణువులు, అంతే. వేసిన దాంట్లో సుమారు 88 శాతం సరుకులోనే ఉండిపోయింది.

బిజినెల్లి కంటే పదేళ్ల ముందే జర్మనీలో ఆర్థర్ హాంచ్ ఆల్డిహైడ్, అమ్మోనియా, రెండు పాళ్లు ఇథైల్ అసిటోఅసిటేట్‌తో ఇలాంటి పనే చేసి ఇంకో రకం వలయం కట్టాడు. బొబ్బిలిలో ఏ మందుల షాపులో అడిగినా ఇచ్చే బీపీ మాత్ర ఆమ్లోడిపిన్‌లో ఉన్నది ఆ కుటుంబం వలయమే.

అలాగని దీన్ని మంత్రదండం అనుకోవద్దు. బిజినెల్లి పాత పద్ధతిలో చాలాసార్లు దిగుబడి సగానికి అటూఇటూగానే ఉండేది. పెద్ద రియాక్టర్‌లో అన్నీ ఒకేసారి గుమ్మరిస్తే వేడి అదుపు తప్పొచ్చు. అందుకే ఏదో ఒకదాన్ని మెల్లగా వదలాల్సి రావచ్చు. ఇక పరిశోధన పత్రాల సంగతి. సాల్వెంటే వాడలేదని శీర్షికలో గొప్పగా ఉంటుంది. లోపలికెళితే, సరుకును శుద్ధి చేయడానికి సిలికా కాలమ్ (సిలికా పొడి నింపిన గొట్టం) మీద ఇథైల్ అసిటేట్, హెక్సేన్ ధారగా పోసి ఉంటారు. ఆ సాల్వెంట్‌ని కూడా లెక్కలో కలపమని విద్యార్థులు గైడ్లను అడగాలి.