ఇనుముకు హాల్‌టికెట్

డిగ్రీ చదివే కూతురిని హాస్టల్లో ఉంచిన ఒక తండ్రి అడిగారు: "వారానికి మూడుసార్లు పాలకూర పప్పు పెడతారటండీ, అయినా హిమోగ్లోబిన్ తొమ్మిది దాటడం లేదు. ఎందుకు?" ఆ వయసు అమ్మాయిల్లో హిమోగ్లోబిన్ డెసిలీటరు రక్తానికి 12 గ్రాముల కన్నా తగ్గితే రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతానికి రక్తహీనత ఉంది. దీనికి కారణాలు చాలా ఉన్నా ఇనుము లోటే ముఖ్యమైనది.

అయితే కంచంలో ఉన్న ఇనుమంతా రక్తంలోకి చేరదు. ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్) కేంద్రం గేటు దగ్గర నిలబడ్డ తల్లిదండ్రులకు ఇది సులువుగా అర్థమవుతుంది. చిన్నపేగు మొదటి భాగమైన ఆంత్రమూలమే ఆ గేటు. ఆకుకూరలు, పప్పుల్లోని ఇనుము ఎక్కువగా ఫెర్రిక్ రూపంలో వస్తుంది. గేటు దగ్గరున్న డీఎంటీ-1 అనే ప్రోటీన్ ఫెర్రస్ రూపాన్నే లోపలికి పంపుతుంది. రెండింటికీ తేడా ఒక్క ఎలక్ట్రాన్. పేగు గోడ మీది ఎంజైమ్ ఆ ఎలక్ట్రాన్‌ను కొంతవరకు సమకూరుస్తుంది కానీ, ధారాళంగా ఇచ్చేది విటమిన్ సి. హాల్‌టికెట్ అదే. దారిలో పప్పులోని ఫైటేట్లు, టీలోని పాలీఫినాల్స్ అనే పదార్థాలు ఇనుము చెయ్యి పట్టుకుని వదలవు. ఆంత్రమూలం దాటిపోయాక శోషణ బాగా తగ్గిపోతుంది, నిమిషం ఆలస్యమైనా అనుమతి లేదన్నట్టే. మాంసం, చేపల్లోని హీమ్ ఇనుముకు మాత్రం వేరే ద్వారం ఉంది, హాల్‌టికెట్ అడగరు.

గేటు దాటినా పని అయిపోలేదు. పేగు కణం నుంచి రక్తంలోకి వెళ్లాలంటే ఫెర్రోపోర్టిన్ అనే రెండో తలుపు తెరుచుకోవాలి. దాని తాళం కాలేయం తయారుచేసే హెప్సిడిన్ అనే హార్మోన్ చేతిలో ఉంది. జ్వరమో ఇన్ఫెక్షనో వస్తే, సూక్ష్మజీవులకు ఇనుము దక్కకుండా హెప్సిడిన్ తాళం వేసేస్తుంది. కణంలో చిక్కిన ఇనుము కొద్ది రోజుల్లో ఆ కణంతోపాటే రాలిపోతుంది. ఐరన్ మాత్ర వేసుకున్నాక కూడా హెప్సిడిన్ దాదాపు ఒక రోజు పెరిగి ఉంటుంది. కొందరు వైద్యులు రోజు విడిచి రోజు మాత్ర రాయడం వెనక ఉన్న లెక్క ఇదే.

ఇంటి ఆదాయం పని చేసేది సరిగ్గా ఆ మొదటి గేటు దగ్గరే. ఒకే మెస్సులో ఒకే సాంబారు తినే ఇద్దరిలో ఒకరికి ఇంటి నుంచి డబ్బు వస్తుంది కాబట్టి సాయంత్రం పండ్లు, ఆదివారం బయట బిర్యానీ. మరొకరు టిఫిన్ మానేసి పది గంటలకు టీ, బిస్కెట్లతో సరిపెట్టుకుంటారు. తక్కువ డబ్బుతో ఆకలి చంపేది టీయే మరి. అన్నం తిన్న వెంటనే ఇంకో టీ పడితే, తిన్న కాస్త ఇనుములోనూ చాలా భాగం గేటు బయటే ఉండిపోతుంది. పొయ్యి మీద గంటలకొద్దీ మరిగిన సాంబారులో విటమిన్ సి మిగిలేది తక్కువే. పాలిష్ పట్టిన బియ్యం 300 గ్రాములు వండుకు తింటే వచ్చే ఇనుము సుమారు 2 మిల్లీగ్రాములు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ స్త్రీలకు రోజుకు చెప్పిన మోతాదు 29.

పండ్లలోనూ అంతస్తులున్నాయి! ఆసుపత్రికి యాపిల్ పట్టుకెళితే పరువు, జామకాయ పట్టుకెళితే చిన్నచూపు. వంద గ్రాముల జామలో విటమిన్ సి 200 మిల్లీగ్రాములకు పైనే, యాపిల్‌లో ఐదు దాకా. ఇక బీట్‌రూట్ ఎర్రగా ఉంది కాబట్టి రక్తం పడుతుందన్న నమ్మకం చదువుకున్న ఇళ్లలోనూ చెక్కుచెదరలేదు. ఆ ఎరుపు బీటాలైన్ అనే రంగుది, ఇనుముది కాదు. జీవశాస్త్రం పాఠాల్లో హిమోగ్లోబిన్ బొమ్మ గీయించే మనం ఈ ముక్క చెప్పం.

బడి పిల్లలకు మధ్యాహ్న భోజనం, వారానికో ఐరన్ మాత్ర ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరి నుంచి ప్రభుత్వ జూనియర్ కళాశాలల్లోనూ మధ్యాహ్నం అన్నం పెడుతున్నారు. వారపు మాత్ర పథకం 19 ఏళ్ల వరకే, అదీ ప్రధానంగా బడుల ద్వారానే. పల్లె నుంచి మొదటి బస్సుకు, టిఫిన్ కూడా తినకుండా డిగ్రీ కళాశాలకు వచ్చే అమ్మాయి ఈ ఏర్పాట్లలో దేనికిందికీ రాదు.