హీరో కన్ను కొడుతున్నాడేంటి? టూడీ గేమ్ గ్రాఫిక్స్: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో టూడీ గేమ్‌లకు బొమ్మలు వేస్తుంటాను. సగం రోజు గీయడానికి సరిపోతుంది, మిగతా సగం గీసింది ఫోన్‌లోకి వెళ్లాక ఎందుకు పాడైందో వెతకడానికి. ఆ రెండో సగంలో తెలిసినవే ఇవన్నీ.

అపోహ: బొమ్మ ఎంత పెద్ద సైజులో ఇస్తే అంత క్వాలిటీ.

"అన్నీ 4కేలో ఇచ్చేయండి" అనని క్లయింట్‌ని నేనింకా చూడలేదు. తెర మీద 200 పిక్సెళ్ల ఎత్తున కనిపించే క్యారెక్టర్‌ని 2000 పిక్సెళ్లలో ఇచ్చామనుకోండి, ఫోన్ దాన్ని కుదించి చూపించాలి. మిప్‌మ్యాప్స్ (అదే బొమ్మకి ముందే చేసిపెట్టుకున్న చిన్న కాపీలు) పెట్టకపోతే ఆ కుదింపులో మీసం, కనుబొమ్మలాంటి సన్నగీతలు కదిలినప్పుడల్లా మినుకుమంటాయి. పైగా మెమరీ. పీఎన్‌జీ ఫైలు 2 ఎంబీ ఉంది కదా అని ధీమాగా ఉంటారు. గ్రాఫిక్స్ మెమరీలోకి వెళ్లాక కంప్రెషన్ లేకపోతే ఒక్కో పిక్సెల్‌కి 4 బైట్లు. 2048×2048 షీటు (బొమ్మలన్నీ పేర్చిన ఒకే పెద్ద చిత్రం) 16 ఎంబీ, 4096×4096 అయితే 64 ఎంబీ. ఏఎస్‌టీసీ 4×4 అనే కంప్రెషన్ పెడితే అది నాలుగో వంతుకు దిగుతుంది. నేనైతే ముందు ఆ క్యారెక్టర్ తెర మీద ఎంత పెద్దగా కనిపిస్తుందో స్కేలు పెట్టినట్టు కొలిచి, ఆ తర్వాతే గీత మొదలుపెడతాను.

అపోహ: పిక్సెల్ ఆర్ట్ (చదరపు చుక్కలు పేర్చి గీసే బొమ్మ) సులువు, ఎంతకు సాగదీసినా నడుస్తుంది.

నడవదు. లెక్క కుదిరితేనే నడుస్తుంది. 2018లో వచ్చిన 'సెలెస్ట్' 320×180లో గీసిన గేమ్. 180ని 6తో గుణిస్తే 1080, 4తో గుణిస్తే 720, 12తో గుణిస్తే 2160. ఈ ఎత్తులున్న ఏ తెర మీదైనా ఒక్కో చుక్క నిండు చదరంగానే ఉంటుంది.

నా మొదటి గేమ్‌లో ఈ లెక్క చూసుకోకుండా ఎత్తు 200 పెట్టాను. 1080ని 200తో భాగిస్తే 5.4. పిక్సెల్‌ని అర ముక్క చేయలేం కాబట్టి కొన్ని చుక్కలు 5 పిక్సెళ్ల వెడల్పు, కొన్ని 6. మా హీరోకి ఒక్కో కన్ను ఒక్కో చుక్క. నడుస్తుంటే ఎడమ కన్ను పెద్దదై కుడి కన్ను చిన్నదయ్యేది, మరుక్షణం తారుమారు. టెస్టింగ్‌కి కూర్చున్న పిల్లాడు అడిగాడు, "అన్నా, హీరో ఊరికే కన్ను కొడుతున్నాడేంటి?" అని. గేమ్‌లో నేల మొత్తం మళ్లీ గీయాల్సి వచ్చింది.

పొడుగు ఫోన్లకు ఏం చేయాలంటారా? 2400×1080 తెరని 6తో భాగిస్తే 400×180. బొమ్మని సాగదీయకండి, పక్కల ఇంకాస్త లోకం చూపించండి. టెక్స్‌చర్ ఫిల్టర్ (బొమ్మ సైజు మారేటప్పుడు రంగులు ఎలా తీసుకోవాలో చెప్పే సెట్టింగ్) పక్క రంగుల్ని కలపని 'పాయింట్'లో పెట్టండి, లేదంటే అంతా మంచు పట్టిన అద్దంలోంచి చూసినట్టుంటుంది.

అపోహ: క్యారెక్టర్ చుట్టూ నల్లంచు కనిపిస్తే ఆర్టిస్ట్ కటింగ్ సరిగ్గా లేదు.

ఈ మాట పడి మూడు రోజులు కూర్చుని అంచులు చెరిపాను. తప్పు నాది కాదు. ఖాళీగా కనిపించే పిక్సెల్‌కీ ఫైలులో ఒక రంగు రాసి ఉంటుంది, చాలాసార్లు అది నలుపే. బైలీనియర్ ఫిల్టర్ అంచు దగ్గర పక్క పిక్సెళ్లని కలిపేటప్పుడు ఆ కనిపించని నలుపునీ కలుపుకుంటుంది. తెల్ల పంచె కట్టిన క్యారెక్టర్ అయితే మసిబట్టతో తుడిచినట్టు తేలిపోతుంది. మందు రెండు రకాలు: అంచు రంగుని ఖాళీలోకి కూడా పాకించి ఎక్స్‌పోర్ట్ చేయడం, లేదా ప్రీమల్టిప్లైడ్ ఆల్ఫా (పిక్సెల్ రంగుని దాని పారదర్శకతతో ముందే గుణించి ఉంచడం) వాడటం. గేమ్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్ యూనిటీలో 'ఆల్ఫా ఈజ్ ట్రాన్స్‌పరెన్సీ' టిక్ పెడితే మొదటి పని అదే చేసిపెడుతుంది. రెండోది వాడితే బ్లెండ్ మోడ్ (బొమ్మని వెనకున్న రంగుతో కలిపే పద్ధతి) కూడా దానికి తగ్గట్టు మార్చమని ప్రోగ్రామర్‌కి చెప్పండి. చెప్పకపోతే అంచు ఇంకా నల్లబడుతుంది, మళ్లీ మనల్నే అంటారు.

అపోహ: ఫ్రేములు ఎక్కువైతే యానిమేషన్ బాగుంటుంది.

కత్తి దెబ్బకి ముచ్చటపడి 18 ఫ్రేములు గీశాను, సెకనుకి 24 చొప్పున. విడిగా చూస్తే అందరూ మెచ్చుకున్నారు. ఆడితే మాత్రం "బటన్ లేటుగా పనిచేస్తోంది" అన్నారు. కత్తి తగిలేది 9వ ఫ్రేములో, అంటే అప్పటికే సెకనులో మూడో వంతు గడిచిపోయింది. కోసి 7 ఫ్రేములు చేశాను: చెయ్యి వెనక్కి తీయడానికి 2, కత్తి గాల్లో సాగిపోయినట్టు ఒకే ఒక్క గీత, సర్దుకోవడానికి 4. చూసినవాళ్లు ఇప్పుడే నున్నగా ఉందన్నారు! 2017 నాటి 'కప్‌హెడ్' చూడండి. గేమ్ సెకనుకి 60 ఫ్రేములతో నడుస్తుంది, చేత్తో గీసిన బొమ్మలు మాత్రం 24తోనే కదులుతాయి.

అపోహ: ప్రతి ఫ్రేమూ చేత్తో గీస్తేనే అసలు టూడీ.

'డెడ్ సెల్స్' గేమ్‌లో క్యారెక్టర్లని త్రీడీలో చేసి, చిన్న సైజులో రెండర్ చేసి పిక్సెల్ ఆర్ట్‌గా మార్చారు. ఇక బోన్ యానిమేషన్‌ని (బొమ్మని ముక్కలు చేసి కీళ్ల దగ్గర కదపడం) చిన్నచూపు చూసేవాళ్లు ఒకసారి నిమ్మలకుంట తోలుబొమ్మని చేతిలోకి తీసుకోండి. అక్కడా విడి ముక్కలే, కీళ్ల దగ్గర దారం ముడే.

అపోహ: గ్లో, పార్టికల్స్ (నిప్పురవ్వల్లాంటి చిన్న తునకలు), షేడర్లు (తెర మీద రంగుని లెక్కగట్టే చిన్న ప్రోగ్రాములు) దట్టిస్తే రిచ్‌గా ఉంటుంది.

ఒకదాని మీద ఒకటి పరిచిన పారదర్శక పొరలన్నిటికీ ఫోన్ అదే పిక్సెల్‌ని మళ్లీ మళ్లీ రంగేయాలి. బడ్జెట్ ఫోన్ వేడెక్కేది అక్కడే. ఈమధ్య ఓ అడవి లెవెల్‌లో శత్రువులు కనిపించట్లేదన్నారు, అందరూ చుట్టూ వెలుగు పెట్టమన్నవాళ్లే. స్క్రీన్‌షాట్‌లో రంగు తీసేసి చూస్తే ఎర్ర శత్రువు, పచ్చ చెట్టు రెండూ ఒకే బూడిద. వెనక చెట్లని పొగమంచులా పాలిపోయేట్టు చేశాను, శత్రువుని ముట్టుకోలేదు. ఈ పరీక్షకి కంప్యూటర్ కూడా అక్కర్లేదు. ఆండ్రాయిడ్ డెవలపర్ ఆప్షన్స్‌లో 'సిమ్యులేట్ కలర్ స్పేస్'ని మోనోక్రోమసీకి (రంగులు లేకుండా అంతా బూడిదే) మార్చి, గేమ్ తెరిచి, ఎండలోకెళ్లి ఫోన్ పట్టుకున్న చెయ్యి చాపి చూడండి.