కుంచాన్ని తట్టకూడదు

నరసన్నపేట,
ఆదివారం

బుజ్జికీ, చిన్నోడికీ తాతయ్య ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. ఇంటర్ ఫలితాలొచ్చిన మర్నాడు పేపర్ తెరిస్తే మొదటి పేజీ నిండా కాలేజీవాళ్ల ఫొటోలే ఉన్నాయని రాశావు బుజ్జీ. "ఇది వార్తా, యాడా? విలేకర్లు డబ్బులు తీసుకుని రాస్తారంట కదా, నిజమేనా? నేను జర్నలిజం చదువుతానంటే నాన్న వద్దంటున్నాడు" అన్నావు. చిన్నోడేమో కింద ఓ మూల "నేను యూట్యూబ్ చానెల్ పెడతా" అని గిలికాడు. వాడి సంగతీ చెప్తాను, ఆగమను.

ఆ పేజీ యాడే. ఏ మూలనో చీమ తలంత అక్షరాల్లో "ప్రకటన" అని ఉంటుంది, వెతుకు. యాడ్ వేసుకోవడం తప్పు కాదు. మనం ఇచ్చే కాసిని డబ్బులతో పేపర్ ఖర్చు వెళ్లదు. యాడ్‌ని వార్తలా కనపడేటట్టు వెయ్యడమే తప్పు. పత్రికల మంచిచెడ్డలు చూసే ప్రెస్ కౌన్సిల్ నియమాల్లోనూ ఈ మాట ఉంది. ఇక డబ్బులంటావా, తీసుకునేవాళ్లు ఉన్నారు, తీసుకోనివాళ్లూ ఉన్నారు. నా బెంగ వేరే. పైసా ముట్టకుండా, ఒక్క అబద్ధం ఆడకుండా కూడా వార్తని వంకర చెయ్యొచ్చు. అదెలాగో తెలియాలంటే ధాన్యం నూర్చే మా కళ్లంలోకి రావాలి.

నా చిన్నప్పుడు నూర్పులయ్యాక ధాన్యం రాశి పోసి కుంచం అనే కొలపాత్రతో కొలిచేవారు. కొలిచే ముసలాయన రాశి ముందు గొంతుక్కూర్చుని, రెండు చేతులతో ధాన్యం కుంచంలోకి తోసి, అరచేత్తో అంచు మీద ఒక్క గీత గీసి, "లాభం" అంటూ గోనెలోకి వంపేవాడు. మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. తర్వాత రెండు, మూడు... పాటలా సాగేది. మేం గుంటలం పక్కన చేరి "పదకొండు! ఇరవై!" అని అరుస్తూ లెక్క తప్పించాలని చూసేవాళ్లం. ఆయన తప్పితే కదా! కొలత అయిపోయాక పిల్లలకి తలో దోసెడు ధాన్యం పెట్టేవారు. అది పట్టుకుని కొట్టుకి పరుగెడితే మరమరాల ఉండలు వచ్చేవి. నాకెప్పుడూ మా అన్నయ్య కంటే ఒకటి తక్కువే వచ్చేది, ఎందుకో మరి. సరే, ఎక్కడికో పోయాను.

ఒక ఏడు ధాన్యం కొనే షావుకారు కొలవడానికి తన మనిషిని తెచ్చుకున్నాడు. అదే కుంచం, అదే ధాన్యం. కాకపోతే ఇతను నింపుతూ మోకాలితో కుంచాన్ని చిన్నగా తడుతున్నాడు. తట్టినప్పుడల్లా గింజలు సర్దుకుని పైన వేలెడు ఖాళీ పడుతుంది. అందులో ఇంకో రెండు గుప్పిళ్లు. రాశి తరిగిపోతోంది కానీ లెక్క పెరగడం లేదు. మా తాత ముసలాయన్ని కేకేశాడు. ఆయన వచ్చి కాసేపు చూసి, "తట్టకు బావూ, గింజ దానంతటది కూకోవాల" అన్నాడు. అంతే.

ఇప్పుడు నీ కాలేజీ యాడ్ చూడు. ర్యాంకులు నిజమే అయ్యుండొచ్చు. ఎంతమంది పరీక్ష రాస్తే అన్నొచ్చాయో ఉందా? లేకపోతే తట్టారన్నమాట. వార్తల్లోనూ ఇంతే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. అక్కడి ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. అలాంటప్పుడు రోడ్డు పక్కనున్న ఒక్క తోట ఫొటో తీసుకుని, ఆఫీసరు చెప్పిన లెక్క రాసుకుని వెనక్కి వచ్చేశారనుకో. ఫొటో నిజం, ఆఫీసరు చెప్పాడన్నదీ నిజం. లోపలి ఊరి రైతు మాత్రం ఆ కుంచంలో లేడు.

అన్ని గింజలూ కుంచంలోకి ఎక్కించకూడదు కూడా. విత్తనాల గాదె జోలికి ఎవరూ వెళ్లరు. పిల్లల మీద అఘాయిత్యం జరిగినప్పుడు పేరు, ఫొటో, ఇల్లు, బడి, వీధి ఏదీ బయటపెట్టకూడదని 2012 నాటి పోక్సో చట్టం 23వ సెక్షన్ చెప్తోంది. పోలిక కొంచెం లాగుతున్నాననుకో, అయినా బాగానే ఉంది కదా!

నేను మండల విలేకరిగా చేసిన రోజుల్లో జీతం లేదు, లైన్ అకౌంటే. నెలాఖరుకి మన కటింగులు అంటించి పంపితే, స్కేలు పెట్టి కొలిచి ఇన్ని సెంటీమీటర్లకి ఇంత అని ఇచ్చేవారు. పైగా పండక్కి యాడ్ల టార్గెట్. పొద్దున్న ఎవరి చెరువు పనుల మీద రాయాలో, సాయంత్రం ఆయన గుమ్మంలోనే యాడ్ కోసం నిలబడాలి. ఆ పేపర్ పేరెందుకులే. కళ్లంలో ముసలాయనకీ కూలి ఉండేది. కొలతయ్యాక, అందరి కళ్లముందే రాశిలోంచి తీసి ఇచ్చేవారు. మీ నాన్న భయం ఇక్కడే ఉంది తల్లీ, తీసిపారేయకు.

2009 ఎన్నికల్లో అభ్యర్థుల దగ్గర సొమ్ము తీసుకుని ప్రచారాన్ని వార్తలుగా వేశారని పెద్ద గోలైంది. ప్రెస్ కౌన్సిల్ ఇద్దరితో ఉపసంఘం వేసింది. ఒకరు మన తెలుగు పాత్రికేయుడు కె. శ్రీనివాస్‌రెడ్డి, రెండోవారు పరంజోయ్ గుహ ఠాకుర్తా. పత్రికల పేర్లతో సహా 71 పేజీలు రాసిచ్చారు. కౌన్సిల్ మాత్రం 2010లో దాన్ని కుదించి చిన్న నివేదిక బయటపెట్టింది. పూర్తిది బయటకు రావడానికి 2011లో కేంద్ర సమాచార కమిషన్ చెప్పాల్సొచ్చింది. కొలిచేవాళ్లని కొలిస్తే వాళ్లకీ కష్టంగానే ఉంటుంది మరి.

చిన్నోడా, ప్రెస్ కౌన్సిల్ పేపర్లని మందలించగలదు, అభిశంసించగలదు, జరిమానా వెయ్యలేదు. టీవీ, యూట్యూబ్ అసలు దాని పరిధిలోకే రావు. మంచిదే అని గంతులెయ్యకు. డెస్కులో నీ వార్త దిద్దే పెద్దమనిషి కూడా ఉండడు, నీ మోకాలు నువ్వే చూసుకోవాలి. ఎవరైనా డబ్బులిచ్చి వాళ్ల సరుకు గురించి చెప్పమంటే అది యాడ్ అని వీడియోలోనే చెప్పాలని యాడ్ల మండలి (ఆస్కీ) 2021లో నియమం పెట్టింది. మీ మేనత్త పీఆర్ పని, అంటే ఒక సంస్థ తరఫున పత్రికలకి చెప్పే పని, చేస్తోంది కదా, అదీ తప్పుడు పనేం కాదు. షావుకారు మనిషి షావుకారు పక్కన నిలబడితే ఎవరికీ అభ్యంతరం లేదు. 1906లో అమెరికాలో ఐవీ లీ అనే ఆయన బొగ్గు గనుల యజమానుల తరఫున పనిచేస్తూ, మాది రహస్య వ్యవహారం కాదు, అంతా బాహాటంగానే చేస్తాం అని పత్రికలకి రాసి పంపాడు. ఎవరి మనిషో చెప్పకుండా కొలవడానికి కూర్చుంటేనే పేచీ.

ఇంక నా వల్ల కాదు, చెయ్యి లాగుతోంది. ఒక పని చెప్తాను. వానలు పడి గొట్టా బ్యారేజీ నుంచి వంశధార ఎడమ కాలువకి నీళ్లు వదిలాక, "శివారు భూములకూ సాగునీరు" అనో, "శివారుకు చేరని నీరు" అనో వార్త వస్తుంది. ఏటా ఏదో ఒకటి వస్తుంది. అది కత్తిరించి జేబులో పెట్టుకుని ఇద్దరూ సైకిళ్ల మీద కాలువ చివరిదాకా వెళ్లండి. నీళ్లున్నాయో లేదో చూడండి. పై పొలం రైతునీ, కింది పొలం రైతునీ, కాలువ నీళ్లు చూసే లష్కర్‌నీ ముగ్గుర్నీ అడగండి. ముగ్గురూ మూడు రకాలుగా చెప్తారు, కంగారు పడకండి. చెప్పింది చెప్పినట్టు, ఎవరు చెప్పారో పక్కన వేసి, ఒక్క పేజీ రాసి నాకు పంపండి. అమ్మకి చెప్పే వెళ్లండి. కాలువ గట్టు జారుతుంది.

మీ తాతయ్య