బాస్ ఫిషింగ్ సింకర్లు: అపోహలు - వాస్తవాలు

డల్లాస్ చుట్టుపక్కల లూయిస్‌విల్, రే రాబర్ట్స్ లేకుల ఒడ్డున శనాదివారాల్లో తెలుగు బాగానే వినబడుతోంది. కొత్తగా బాస్ అనే చేప కోసం రాడ్ (గాలపు కర్ర) పట్టినవాళ్ల టాకిల్ బాక్స్ (గాలం సామాను డబ్బా) తెరిస్తే మాత్రం ఎక్కడ చూసినా ఒకటే వరస. అర ఔన్సు, ముప్పావు ఔన్సు సింకర్లు (ఎర మునగడానికి లైన్‌కి కట్టే లోహపు వెయిట్లు) దండిగా ఉంటాయి, చిన్నవి మూలకి ఒకటో రెండో. అడిగితే, ఫలానా వాట్సాప్ గ్రూపులో చెప్పారంటారు.

అపోహ: బరువు ఎంత ఎక్కువైతే అంత మంచిది. దూరం పోతుంది, అడుగు తెలుస్తుంది.

వాస్తవం: డబ్బులూ చేపలూ ఎక్కువగా పోయేది ఈ ఒక్క నమ్మకం వల్లే. వెయిట్ పని ఎరను అడుగుకు చేర్చడంతో అయిపోదు. ఎర ఎంత నిదానంగా దిగాలో తేల్చేదీ అదే. ప్లాస్టిక్ వర్మ్ (వానపాములాంటి మెత్తని ఎర) తోక ఆడించుకుంటూ దిగే ఆ కాసేపట్లోనే చాలాసార్లు చేప ఎరను పడుతుంది. ఆరడుగుల నీళ్లలో ముప్పావు ఔన్సు కడితే ఎర ముక్కు కిందికి పెట్టి నిట్టనిలువుగా పడుతుంది, బాస్ తిరిగి చూసేలోపే బురదలో కూరుకుపోతుంది. రాళ్లున్న చోటయితే సందులో ఇరుక్కుంటుంది. లైన్ తెగిన ప్రతిసారీ వెయిట్, హుక్, వర్మ్ మూడూ పోయినట్టే. పైగా రాడ్ మీద లూర్ వెయిట్ (అది విసరగల బరువు) 1/4 నుంచి 5/8 ఔన్సు అని రాసి ఉంటే, దాని మీద ఔన్సు విసరడం రాడ్‌ని విరగ్గొట్టుకునే పని.

సూత్రం ఒక్కటే: అడుగు తెలిసేంత వరకు ఎంత తేలికైతే అంత. టెక్సాస్ రిగ్ (లైన్ మీద బుల్లెట్ ఆకారపు వెయిట్, దాని కింద హుక్ మొన ఎరలో దాచి కట్టేది), 15 పౌండ్ల బలమున్న ఫ్లోరోకార్బన్ లైన్ అనుకుంటే 6 అడుగుల లోపు నీళ్లకి 1/8 లేదా 3/16 ఔన్సుతో మొదలుపెట్టండి. 6 నుంచి 12 అడుగులకి 1/4, 12 నుంచి 20కి 3/8, అంతకు మించితే 1/2. ఇవి మొదలుపెట్టడానికి మాత్రమే. విసిరాక లైన్ కొంచెం వదులుగా ఉంచి, అది ఎప్పుడు కుంగుతుందో లెక్కపెట్టండి. తర్వాత రాడ్‌తో ఒక అడుగు దూరం నిదానంగా లాగండి. కింద ఏముందో చేతికి తెలియకపోతే ఒక మెట్టు పెంచండి. లాగిన ప్రతిసారీ గడ్డి మోసుకొస్తుంటే, బురదలో దిగబడుతుంటే ఒక మెట్టు తగ్గించండి. ఒక్కసారిగా రెండు మెట్లు మార్చకండి, ఏది పనిచేసిందో తెలియకుండా పోతుంది.

లోతు ఒక్కటే చూసి బరువు ఎంచినా తప్పే. గాలి గట్టిగా వీస్తే లైన్ విల్లులా వంగి ఎరను పైకి లేపుతుంది. అప్పుడు 1/4 బదులు 3/8 కట్టొచ్చు. కానీ ముందు రాడ్ కొన నీటికి దగ్గరగా దించి చూడండి, చాలాసార్లు అంతటితో సరిపోతుంది. బ్రెయిడ్ (అల్లిన లైన్) తేలుతుంది, ఫ్లోరోకార్బన్ మునుగుతుంది. కాబట్టి ఒకే లోతులో బ్రెయిడ్‌కి కాస్త ఎక్కువ బరువు కావాల్సి రావచ్చు. లైన్ లావు పెరిగినా, ఎరకి కాళ్లూ రెక్కలూ ఎక్కువున్నా నీరు అడ్డుపడి దిగడం నెమ్మదిస్తుంది. ఇక 5 అంగుళాల స్టిక్ వర్మ్ (తిన్నగా పుల్లలా ఉండే వర్మ్) ఒక్కటే సుమారు 9-10 గ్రాములుంటుంది. లోతు తక్కువున్న చోట దానికి సింకరే అక్కర్లేదు.

బరువు కావాల్సిన చోట్లు లేకపోలేదు. దట్టంగా పరుచుకున్న నాచు పొరను చీల్చాలంటే 1 నుంచి 1 1/2 ఔన్సు తప్పదు. అక్కడ ఎర చిన్నదిగా, నున్నగా ఉండాలి. కరోలినా రిగ్‌కి 1/2 నుంచి 1 ఔన్సు మామూలే, ఎందుకంటే బరువు నేల మీద ఈడ్చుకొస్తుంటే ఎర వెనకాల విడిగా తేలుతూ వస్తుంది. మేత మీద లేని బాస్ ముందు నుంచి ఎర వేగంగా దూసుకుపోతే అది ఉలిక్కిపడి కొట్టడమూ ఉంది. అప్పుడు కావాలనే బరువు పెంచుతారు.

అపోహ: టంగ్‌స్టన్ లేకపోతే బాస్ పడదు.

వాస్తవం: టంగ్‌స్టన్ సీసం కన్నా సాంద్రమైనది, గట్టిది. రాయి, గుల్ల, మట్టి తేడా చేతికి బాగా తెలుస్తుంది. అంతవరకు నిజం. 'సైజు సగమే' అన్నది మాత్రం అమ్మకం మాట. సీసం సాంద్రత ఘన సెంటీమీటరుకు 11.3 గ్రాములు. బజార్లో దొరికే టంగ్‌స్టన్ వెయిట్లు సుమారు 17-18. అంటే అదే బరువుకి పరిమాణం మూడోవంతు తగ్గుతుంది, అడ్డకొలతలో తేడా 13-14 శాతమే. ధర మాత్రం సీసానికి కొన్ని రెట్లు. గడ్డిలో దూర్చే పెద్ద బుల్లెట్ వెయిట్లకి, లోతు నీళ్లలో అడుగు చదవాల్సిన రిగ్గులకి టంగ్‌స్టన్ కొనండి. రాళ్లలో రోజుకి నాలుగు పోగొట్టుకునే డ్రాప్ షాట్ రిగ్‌కి (వెయిట్ అడుగున, హుక్ దానికి పైన ఉండేది), చట్టం ఒప్పుకున్న చోట, సీసం చాలు. స్ప్లిట్ షాట్ (చీలిక ఉన్న చిన్న గుండు) లైన్ మీద నొక్కాలి కాబట్టి అది మెత్తని లోహమే అయి ఉండాలి. సీసం వద్దనుకుంటే తగరం ఉంది.

చవక టంగ్‌స్టన్‌లో అసలు చిక్కు రంధ్రం అంచు. పాత లైన్ ముక్క ఒకటి దూర్చి పదిసార్లు అటూ ఇటూ లాగండి. గరుకుదేలితే ఆ వెయిట్ పక్కన పడేయండి. చేప తెంపుకుపోయిందనుకునే సందర్భాల్లో కొన్నిటికి కారణం ఈ అంచే.

అపోహ: బుల్లెట్ వెయిట్‌ని ఎప్పుడూ స్టాపర్‌తో (వెయిట్ లైన్ మీద జారకుండా ఆపే చిన్న ముక్క) బిగించాలి. వాస్తవం: గడ్డిలో, కొమ్మల్లో బిగించండి, లేకపోతే వెయిట్ ఒకవైపు, ఎర ఒకవైపు చుట్టుకుంటాయి. ఔన్సు దాటితే రెండు స్టాపర్లు పెట్టండి. ఖాళీ నీళ్లలో బిగించకుండా వదిలేయండి. సన్నకొన రాడ్ వైపు, గుంట ఉన్న వెడల్పు వైపు హుక్ వైపు ఉండాలి. తిరగేసి కట్టినవి బోలెడు కనబడతాయి.

డ్రాప్ షాట్ వెయిట్ క్లిప్పు లోంచి లైన్ జారిపోతే అది పాడైనట్టు కాదు. ఇరుక్కున్నప్పుడు వెయిట్ జారిపోయి హుక్ మిగలాలనే దాన్ని అలా చేశారు. ఎర్ర వెయిట్ చూసి చేప నెత్తురనుకుంటుందన్న కబుర్లకి సమయం వృథా చేయను. నలుపు, పచ్చ ఏదైనా సరే.

అపోహ: సీసం అంతటా నిషేధం, లేదా ఎక్కడా లేదు. రెండూ తప్పే. న్యూ హాంప్‌షైర్‌లో ఔన్సు, అంతకు లోపు సీసపు సింకర్లు వాడకూడదు, అమ్మకూడదు. మసాచుసెట్స్‌లో 2012 నుంచి లోపలి నీళ్లలో (చెరువులు, నదులు) ఔన్సు లోపువి వాడకూడదు. న్యూయార్క్‌లో అర ఔన్సు, అంతకు లోపువి అమ్మకూడదు. లూన్ అనే నీటిపక్షి ఒక్క చిన్న సీసపు సింకర్ మింగినా చనిపోవచ్చు. కారణం అదే. సెలవులకి వేరే రాష్ట్రం వెళ్తుంటే అక్కడి నియమాలు ముందు చూసుకోండి. పాత డబ్బాలో సీసం చూసి పిల్లలున్న ఇంట్లో కంగారు పడుతున్నవాళ్లకి: ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోండి, స్ప్లిట్ షాట్‌ని పళ్లతో నొక్కకండి, అవే చేతులతో పులిహోర డబ్బా తెరవకండి, డబ్బా పిల్లలకి అందని చోట పెట్టండి. ఇంత చేస్తే చాలు.

సర్దుకోవడం సంగతి. నూట ఇరవై ముక్కల కాంబో ప్యాక్ కొనకండి, సగం వాడరు. మామూలుగా బుల్లెట్ వెయిట్లు 1/8, 3/16, 1/4, 3/8, 1/2 చాలు. నడిమి మూడు సైజులూ ఎక్కువ కొనండి. ముందు ఆకారం ప్రకారం, తర్వాత బరువు ప్రకారం అరలు పెట్టి, మూత మీద మార్కర్‌తో రాయండి. చాలా టంగ్‌స్టన్ వెయిట్ల మీద అంకె ఉండదు. వంటింటి డిజిటల్ కాటా మీద పెడితే 1/8 అంటే 3.5 గ్రాములు, 3/16 అంటే 5.3, 1/4 అంటే 7.1, 3/8 అంటే 10.6, 1/2 అంటే 14.2. నెయిల్ వెయిట్లు (ఎరలోకి గుచ్చే సన్నని మేకుల్లాంటివి) కదిలే అడ్డుపలకల కిందనుంచి జారి పక్క అరలోకి పోతాయి. వాటికి వారం రోజుల మాత్రల డబ్బా బాగా పనికొస్తుంది. మెత్తని ప్లాస్టిక్ వర్ములు వెయిట్లతో కలిపి పెడితే పెయింట్ కరిగి అంటుకుంటుంది, డబ్బా గోడా మెత్తబడుతుంది. తడిసినవి ఆరబెట్టి పెట్టండి, లేకపోతే సీసం తెల్లగా పొడిబారుతుంది, పక్కన ఉన్న హుక్కులు తుప్పు పడతాయి. పెద్ద డబ్బా కారులో ఉంచి, ఆ రోజుకి కావాల్సిన పదీ పదిహేను జేబు డబ్బాలో వేసుకెళ్లండి.