వెండి ఫిల్లింగ్‌లో సగం పాదరసమే: అపోహలు - వాస్తవాలు

పుచ్చు పన్ను చూపించుకోడానికి వచ్చి, "వెండి పెట్టేయండి డాక్టరుగారూ, అదే గట్టిది" అని అడిగేవాళ్ళు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇప్పటికీ ఉన్నారు. నోట్లో ఉన్న వెండి ఫిల్లింగ్ విషమని భయపడి, బాగున్నదాన్ని కూడా పీకించుకోవాలనుకునేవాళ్ళూ ఉన్నారు. రెండు మాటలూ సరిచేయాల్సినవే.

అపోహ: వెండి ఫిల్లింగ్ అంటే వెండి.

బరువులో దాదాపు సగం పాదరసం. మిగతా సగం వెండి, తగరం, రాగి కలిపిన పొడి. ఈ రెండూ కలిపితే వెన్నముద్దలా మెత్తగా అవుతుంది. పంటి గుంటలో కూరి గట్టిగా అదిమితే కాసేపట్లో బిగుసుకుంటుంది, పూర్తి బలం రావడానికి ఒక రోజు పడుతుంది. దీన్ని అమాల్గమ్ అంటాం. రంగు చూసి జనం వెండి అన్నారు, పాదరసం పేరు ఎక్కడా వినపడలేదు. నోట్లో పెట్టేది ఏమిటో పేషెంటుకు ముందే చెప్పి తీరాలి.

అపోహ: నోట్లో ఉన్న వెండి ఫిల్లింగ్ వెంటనే తీయించెయ్యాలి.

వద్దు. గట్టిపడిన అమాల్గమ్‌లో పాదరసం మిగతా లోహాలతో కలిసిపోయి ఉంటుంది. నమిలినప్పుడు, పళ్ళు కొరికినప్పుడు, వేడి టీ తాగినప్పుడు కొద్దిగా ఆవిరి వస్తుంది. అదే ఫిల్లింగ్‌ను బర్‌తో (డ్రిల్లు మొనతో) అరగదీస్తే అంతకంటే చాలా ఎక్కువ వస్తుంది. బాగున్న ఫిల్లింగులు తీయించుకోవద్దని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020 సెప్టెంబరులో చెప్పింది అందుకే. అంచు విరిగినా, కింద మళ్ళీ పుచ్చు మొదలైనా అప్పుడు తీయాలి. తీసేటప్పుడు పన్ను చుట్టూ రబ్బర్ డ్యామ్ (పల్చటి రబ్బరు షీటు) కట్టి, నీళ్ళు ధారాళంగా వదులుతూ, గట్టి సక్షన్ (నోట్లోని నీళ్ళు, పొడి పీల్చే గొట్టం) దగ్గరే ఉంచి, కొత్త కార్బైడ్ బర్‌తో రెండు మూడు ముక్కలుగా కోసి ఊడదీయాలి. మొత్తం పొడి చేయకూడదు. కిటికీలు తెరిచి ఉండాలి.

కొత్తగా అమాల్గమ్ పెట్టించుకోకూడనివాళ్ళు మాత్రం ఉన్నారు: గర్భిణులు, గర్భం కోసం చూస్తున్నవాళ్ళు, పాలిచ్చే తల్లులు, పిల్లలు, నరాల జబ్బులున్నవాళ్ళు, పాదరసం పడనివాళ్ళు, మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్ళు. ఈ చివరి మాట మనకు చాలా ముఖ్యం. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస వైపు నుంచి వచ్చే ప్రతి పేషెంటునూ క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూపే రక్తపరీక్ష) ఎంతుందని అడగాలి. ఉద్దానం కిడ్నీ జబ్బుకు పంటి ఫిల్లింగ్ కారణమని మేం అనడం లేదు, ఎవరూ అలా అనుకోవద్దు. ఒంట్లోకి చేరిన పాదరసం ఎక్కువగా నిలిచేది మూత్రపిండాల్లోనే. ఇప్పటికే అలిసిపోయిన కిడ్నీ మీద మరో బరువు పెట్టడం ఎందుకు?

అపోహ: ప్రమాదమంతా పేషెంటుకే.

పేషెంటు అరగంట కూర్చుని వెళ్ళిపోతాడు. అదే గాలి రోజంతా పీల్చేది అసిస్టెంటు. సీసాలోంచి పాదరసం వంచి, రోట్లో నూరి, గుడ్డలో వేసి ఎక్కువైనది పిండడం పాత పద్ధతి. ఆ పిండినప్పుడు జారిన బొట్టు నేల మీద పడి పూసల్లా విడిపోయి టైల్స్ సందుల్లోకి దూరుతుంది. రంగూ వాసనా లేని ఆవిరి అక్కడి నుంచి నెలల తరబడి వస్తూనే ఉంటుంది. తలుపులు మూసిన ఏసీ గదిలో ఇది మరీ చెడ్డది. సీసా పాదరసం వాడకాన్ని ఆపాలని, పదిహేనేళ్ళలోపు పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు తప్పనిసరైతే తప్ప అమాల్గమ్ పెట్టకూడదని, పాదరసం వాడకం తగ్గించే మినమాటా అంతర్జాతీయ ఒప్పందం దేశాలు 2022లో బాలిలో నిర్ణయించాయి.

పాదరసం ఒలికితే చీపురు పట్టొద్దు, వాక్యూమ్ క్లీనర్ అసలే వద్దు. మొదటిది బొట్టును ఇంకా చిన్న బొట్లు చేస్తుంది, రెండోది వేడికి ఆవిరి చేసి గదంతా చల్లుతుంది. ఏసీ, ఫ్యాన్ ఆపి కిటికీలు తెరవాలి. ఉంగరాలు, గాజులు తీసేయాలి, బంగారం పాదరసాన్ని పట్టేస్తుంది. గ్లౌజులు వేసుకుని రెండు అట్టముక్కలతో బొట్లను ఒకచోటికి తోసి, సూది లేని సిరంజితో పీల్చి, బిగుతు మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో వేయాలి. సందుల్లో మిగిలినదాని మీద గంధకం పొడి చల్లి, అదీ ఎత్తి అదే డబ్బాలో వేయాలి.

సక్షన్‌లోకి పోయిన పొడి కథ వేరు. కుర్చీ దగ్గరి జాలీ పెద్ద ముక్కల్నే ఆపుతుంది. సన్నపొడి కాలువలోకి పోతుంది. శ్రీకాకుళం ఊరి నీళ్ళు ఏ దారిన పోయినా చివరికి చేరేది సముద్రమే. నీటి అడుగు బురదలో సూక్ష్మజీవులు పాదరసాన్ని మిథైల్ మెర్క్యురీగా మారుస్తాయి. చిన్న చేపను పెద్ద చేప తింటూ పోయేకొద్దీ అది పేరుకుంటుంది. సొర లాంటి వేటాడే చేపల్లో ఎక్కువ, కవ్వళ్ళు, నెత్తళ్ళు లాంటి చిన్న చేపల్లో తక్కువ. మినమాటా అన్న పేరే ఇలాంటి చేపలు తిని వేలమంది దెబ్బతిన్న జపాన్ ఊరిది. అమాల్గమ్ తీసే ప్రతి క్లినిక్‌లో సెపరేటర్ (నీళ్ళలోంచి అమాల్గమ్ పొడిని వేరుచేసే పరికరం) ఉండాలని మేం గట్టిగా చెప్పేది ఇందుకే. ఐఎస్‌ఓ 11143 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం అది కనీసం 95 శాతం పట్టాలి.

అపోహ: అమాల్గమ్ ముక్కలు పసుపు సంచిలో వేస్తే సరిపోతుంది.

ఆస్పత్రి చెత్త వేసే పసుపు సంచి వెళ్ళేది కొలిమిలోకి. అక్కడ పాదరసం పొగగొట్టం గుండా గాల్లో కలుస్తుంది. ఎర్ర సంచి ఆటోక్లేవ్‌కు (వేడి ఆవిరితో క్రిములను చంపే యంత్రానికి) పోతుంది, అక్కడా వేడే. అమాల్గమ్ ఉన్న పీకిన పన్నుకూ ఇదే వర్తిస్తుంది. ముక్కలు, మిగిలిన పిండి, వాడేసిన అమాల్గమ్ క్యాప్సూళ్ళు, జాలీలో చిక్కిన పొడి అన్నీ పేరు రాసిన గాలి చొరని డబ్బాలో విడిగా ఉంచాలి.

అపోహ: గ్లాస్ అయనోమర్ తాత్కాలిక సిమెంటు.

గ్లాస్ అయనోమర్ పాదరసం లేని ఫిల్లింగ్ మందు, పొడినీ ద్రవాన్నీ కలిపి చేస్తారు. సరిగ్గా కలిపితే తాత్కాలికం కాదు. ఫిల్లింగ్‌కని తయారైన చిక్కటి రకం పంటికి రసాయనికంగా అతుక్కుంటుంది, ఫ్లోరైడ్ వదులుతుంది. కరెంటు, డ్రిల్లు అక్కర్లేదు కాబట్టి సీతంపేట ఏజెన్సీలో బడి బెంచీ మీదైనా చేయొచ్చు. మెత్తని పుచ్చును చేతి పనిముట్టుతో తవ్వాలి, ముఖ్యంగా అంచులు శుభ్రంగా ఉండాలి. పాలీయాక్రిలిక్ ఆమ్లంతో పది పదిహేను సెకన్లు రుద్ది, కడిగి, దూదితో అద్దాలి. పన్ను పొడిబారకూడదు. కంపెనీ కొలత ప్రకారం పొడిని రెండు భాగాలు చేసి 20-30 సెకన్లలో ద్రవంతో కలిపేయాలి. పైన మెరుపు ఉండగానే గుంటలో పెట్టి, వాసిలిన్ రాసిన వేలితో అరనిమిషం అదమాలి. గంటసేపు ఏమీ తినకూడదు.

మన దగ్గర ఇది చెడేది ఎక్కువగా చెమ్మ వల్ల. పొడి సీసా మూత తెరిచి వదిలేస్తే సముద్రపు గాలికి పొడి గడ్డకడుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన గాజు పలక మీద చెమట పడితే ఆ నీళ్ళు కలిసి సిమెంటు బలహీనమవుతుంది. ద్రవం సీసా వంకరగా పట్టుకుంటే చుక్కలో గాలి బుడగ వచ్చి కొలత తప్పుతుంది. మెరుపు పోయిన ముద్దను పెడితే అది అతుక్కోదు, మూడు నెలలకు ఊడి చేతిలోకి వస్తుంది. అప్పుడు నింద మందు మీద పడుతుంది. ఒకవైపు గుంటకు ఇది బాగా పనిచేస్తుంది. రెండు పళ్ళ మధ్య పడిన పెద్ద గుంటకు దీన్నొక్కదాన్నే నమ్ముకోకూడదు.

అపోహ: కాంపోజిట్ నిలవదు.

కాంపోజిట్ అంటే పంటి రంగులో ఉండే రెసిన్ ఫిల్లింగ్, లైటు పట్టి గట్టిపరుస్తారు. దవడ పళ్ళలో అమాల్గమ్ ఎక్కువకాలం నిలుస్తుందన్నది నిజం, దాచాల్సిన పని లేదు. కానీ అమాల్గమ్ పంటికి అతుక్కోదు, దాన్ని పట్టి నిలపడానికి బాగున్న పన్నును కూడా కోయాలి. కాంపోజిట్‌కు అంత కోత అక్కర్లేదు. అమాల్గమ్ కాస్త తడిని ఓర్చుకుంటుంది, కాంపోజిట్ ఓర్చుకోదు. ఎచింగ్ (ఆమ్లంతో పంటిని గరుకు చేయడం) అయ్యాక లాలాజలం ఒక్క చుక్క తగిలినా మళ్ళీ మొదటి నుంచి చేయాలి. 37 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లం ఎనామిల్ (పంటి పై పొర) మీద 30 సెకన్ల వరకు ఉంచొచ్చు, డెంటిన్ (దాని కింది పొర) మీద 15 దాటకూడదు. మామూలు కాంపోజిట్‌ను రెండు మిల్లీమీటర్లు మించని పొరలుగా పెట్టి, ఒక్కో పొరకు 20 సెకన్లు లైటు పట్టాలి. లైటు కొనకు పాత మందు అంటుకుని ఉంటే అడుగు పొర పచ్చిగానే మిగిలిపోతుంది. చిగురు వైపు మ్యాట్రిక్స్ (పన్ను చుట్టూ పెట్టే పల్చటి పట్టీ), చెక్క వెడ్జ్ (పళ్ళ మధ్య దూర్చే చీల) బిగుతుగా లేకపోతే పీచులు ఇరుక్కుంటాయి, మళ్ళీ పుచ్చు మొదలయ్యేది అక్కడే.

పాలపళ్ళకు సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ ఉంది. పేరులో వెండి ఉంది, పాదరసం లేదు. పుచ్చును ఆపుతుంది, కానీ ఆ చోటు నల్లబడుతుంది. పూసేముందే తల్లికి చెప్పాలి. గ్లాస్ అయనోమర్‌నూ దీన్నీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది.

అపోహ: 2034 దాకా ఆగొచ్చు.

అమాల్గమ్ వాడకం ఆపడానికి ఆ ఏడాదిని చివరి గడువుగా మినమాటా ఒప్పందం దేశాలు 2025 నవంబరులో జెనీవాలో నిర్ణయించాయి. అది ఆఖరు రోజు, మొదలుపెట్టే రోజు కాదు. నార్వే 2008లో, స్వీడన్ 2009లో మానేశాయి. ఐరోపా యూనియన్ 2025 జనవరి 1 నుంచి అమాల్గమ్ వాడకాన్ని ఆపింది.

పాత క్లినిక్ బీరువాలో ఎక్కడో సగం పాదరసం సీసా ఉంటే ఈ వారమే వెతకండి. సింకులో పోయకండి, పెరట్లో పాతకండి, బంగారం పనివాళ్ళకు ఇవ్వకండి. సీసాను బిగుతు మూత ఉన్న ఇంకో ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, తూకం, తేదీ రాసి, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్న ప్రమాదకర వ్యర్థాల సంస్థకు అప్పగించి రసీదు తీసుకోండి.