వేగానికి బ్రేకులు ఎవరు వేస్తున్నారు? కాలేజీ ఫుట్‌బాల్ రూల్స్: అపోహలు, వాస్తవాలు

డాలస్ చుట్టుపక్కల హైస్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లకు అంపైర్‌గా నిలబడటం నాకిది తొమ్మిదో సీజన్. వారమంతా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, శుక్రవారం రాత్రి చారల చొక్కా. టెక్సాస్‌లో ఒక విశేషం ఉంది. మిగతా రాష్ట్రాల హైస్కూళ్లు వేరే రూల్ పుస్తకం వాడతాయి. ఇక్కడ మాత్రం కొన్ని మినహాయింపులతో కాలేజీ రూల్సే, అంటే అమెరికా కాలేజీ ఆటలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ రూల్సే నడుస్తాయి. అందుకే కాలేజీ ఫుట్‌బాల్లో ఏ రూల్ మారబోతోందన్నా నేను చెవి అటే పెడతాను.

శనివారం నలుగురు తెలుగువాళ్లం ఎవరో ఒకరి ఇంట్లో కూర్చుని మ్యాచ్ చూస్తుంటే తప్పకుండా ఒక వాదన లేస్తుంది. పిల్లలు కాలేజీలో చేరాకే ఈ ఆట చూడటం మొదలుపెట్టిన తల్లిదండ్రులు, "వేగంగా ఆడటం కూడా తప్పేనా? ఎందుకండీ వాళ్లను ఆపడం?" అని నన్నే నిలదీస్తారు. చారల చొక్కా వేసుకున్న పాపం మరి. వాళ్లకు చెప్పే జవాబులే ఇక్కడ రాస్తున్నాను.

ఆట తెలియనివారికి రెండు ముక్కలు. బంతి చేతిలో ఉన్న జట్టు ఆఫెన్స్. నాలుగు ప్రయత్నాల్లో పది యార్డులు ముందుకు వెళ్లాలి. ఒక్కో ప్రయత్నం, అంటే ఒక్కో ప్లే, ఐదారు సెకన్లలో అయిపోతుంది. ఆ తర్వాత మామూలు జట్లు గుంపుగా చేరి తర్వాతి ఎత్తు మాట్లాడుకుంటాయి. దాన్ని హడిల్ అంటారు. వేగం జట్లు హడిల్ మానేసి, బంతి కింద పెట్టగానే వరసలో నిలబడి మళ్లీ ఆడేస్తాయి. ఎదుటి డిఫెన్స్‌కు ఊపిరి తీసుకునే సందు దొరకదు.

అపోహ: 2014లో వచ్చిన పది సెకన్ల ప్రతిపాదన ఆటగాళ్ల భద్రత కోసమే.

కాగితం మీద అలాగే ఉంది. ఆ ఫిబ్రవరిలో ఎన్‌సీఏఏ రూల్స్ కమిటీ చెప్పిందేమిటంటే, 40 సెకన్ల ప్లే క్లాక్ (తర్వాతి ప్లే మొదలుపెట్టడానికి ఇచ్చే గడువు) 29కి దిగేదాకా ఆఫెన్స్ బంతిని స్నాప్ చెయ్యకూడదు, అంటే కాళ్ల మధ్య నుంచి వెనక్కి అందించి ప్లే మొదలుపెట్టకూడదు. ఆ మొదటి పది సెకన్లలో డిఫెన్స్ తన ఆటగాళ్లను మార్చుకోవచ్చు. ముందే స్నాప్ చేస్తే ఐదు యార్డుల పెనాల్టీ. ఆ పెనాల్టీ పేరేమిటో తెలుసా? డిలే ఆఫ్ గేమ్. తొందరపడినవాడి మీద ఆలస్యం కేసు పెట్టడమన్నమాట. మా అఫీషియల్స్ మధ్య ఇది చాలా రోజులు జోకుగా నడిచింది.

భద్రత అనే మాట ఎందుకొచ్చిందో తెలియాలంటే ఒక విషయం గుర్తుంచుకోవాలి. అప్పట్లో రూల్స్‌ను రెండేళ్లకోసారి మార్చేవారు. 2014 ఆ వంతు ఏడాది కాదు. అలాంటి ఏడాదిలో ఆటగాళ్ల భద్రతకు సంబంధించిన మార్పులకు తప్ప వేరేవాటికి దారి లేదు. కాబట్టి ఈ మార్పు లోపలికి రావాలంటే ఆ తలుపు గుండానే రావాలి. కమిటీలో సభ్యులు కాకపోయినా ఈ మార్పు వైపు మాట్లాడినవాళ్లలో అలబామా కోచ్ నిక్ సేబన్, ఆర్కన్సా కోచ్ బ్రెట్ బీలెమా ఉన్నారు. ఇద్దరి జట్లూ అప్పట్లో నింపాదిగా, బలం మీద ఆడేవే. అటువైపు ఆబర్న్ కోచ్ గస్ మాల్జాన్, అరిజోనా కోచ్ రిచ్ రోడ్రిగెజ్, టెక్సాస్ ఏ అండ్ ఎం కోచ్ కెవిన్ సమ్లిన్ గొడవకు దిగారు. వీళ్లంతా వేగం మీద బతికేవాళ్లు. వేగంగా ఆడితే గాయాలు పెరుగుతాయనడానికి లెక్కలు చూపించమన్నారు. గట్టి లెక్క ఎవరూ చూపించలేకపోయారు. మార్చి 5న కమిటీ ఆ ప్రతిపాదనను పక్కన పెట్టేసింది.

నాకు మాత్రం అసలు గుట్టు మినహాయింపులోనే కనిపించింది. రెండో క్వార్టర్, నాలుగో క్వార్టర్ చివరి రెండు నిమిషాలకు ఆ పది సెకన్ల రూల్ వర్తించదన్నారు. ఆటగాళ్లు బాగా అలిసిపోయి ఉండేది ఎప్పుడు? సరిగ్గా అప్పుడే. అలసట వల్ల ప్రమాదం అని నిజంగా నమ్మితే, అలసట ముదిరిన చోటే రూల్ ఎత్తేస్తారా?

ఆ వాదనలో నిజమే లేదని మాత్రం అనను. ప్లేలు పెరిగితే ఢీకొట్టుకోవడాలు పెరుగుతాయి. ఇందులో పెద్ద శాస్త్రమేమీ లేదు, కూడికలే. అయితే అది మ్యాచ్ మొత్తంలో ఎన్ని ప్లేలు జరిగాయన్న ప్రశ్న. రెండు ప్లేల మధ్య ఎన్ని సెకన్లున్నాయన్నది వేరే ప్రశ్న. రెండింటినీ ఒకే గాట కట్టేయడం వల్లే ఇంత గందరగోళం.

అపోహ: 40 సెకన్ల క్లాక్ ఆటను నెమ్మది చెయ్యడానికి పెట్టారు.

జరిగింది దాదాపు తలకిందులు. 2008కి ముందు 25 సెకన్ల క్లాక్ ఉండేది. రెఫరీ బంతి సిద్ధంగా ఉందని ఈల వేసి సైగ చేశాకే అది మొదలయ్యేది. ఒక రెఫరీ చకచకా సైగ చేస్తే, ఇంకొకాయన తాపీగా చొక్కా సర్దుకుని చేసేవాడు. ఆఫెన్స్ ఎంత తొందరపడినా ఆయన దయ మీదే ఆధారపడాలి. 2008 నుంచి ప్లే ముగిసిన క్షణానే 40 సెకన్లు మొదలవుతున్నాయి. బంతిని కింద పెట్టి అఫీషియల్ పక్కకు తప్పుకుంటే చాలు, స్నాప్ చేసుకోవచ్చు.

ఈ మార్పు తెచ్చింది ఏ మైదానంలో చూసినా ఆట ఒకే తీరులో నడవాలని. కానీ కోచ్‌లు ఊరుకుంటారా? ఆలోచించడానికి 40 సెకన్లు ఇస్తే, అందులో పది పన్నెండు వాడుకుని మిగతావి మాకొద్దన్నారు. 2009లో ఒరెగాన్ పగ్గాలు పట్టిన చిప్ కెలీ దీన్నే ఒక శైలిగా మలిచాడు. 2011 జనవరిలో జాతీయ టైటిల్ మ్యాచ్ ఆ ఒరెగాన్‌కూ, మాల్జాన్ ఆఫెన్స్ నడిపిన ఆబర్న్‌కూ మధ్య జరిగింది. రెండూ వేగం జట్లే. ఆబర్న్ 22-19తో గెలిచింది. అంత వేగం జట్లు కలిసి అన్ని తక్కువ పాయింట్లేనా అని అప్పుడు చాలామంది ముక్కున వేలేసుకున్నారు.

అపోహ: వేగం జట్ల మీద డిఫెన్స్‌కు ఆటగాళ్లను మార్చుకునే హక్కే లేదు.

ఇక్కడ కాసేపు ఆగుతాను, ఎందుకంటే ఇది నా రోజువారీ పని.

రూల్ ఇది. ఆఫెన్స్ తన ఆటగాళ్లను మార్చకపోతే డిఫెన్స్ కోసం ఎవరూ ఆగరు. ఆఫెన్స్ ఒక్కణ్ని మార్చినా సరే, డిఫెన్స్‌కు మార్చుకునే అవకాశం ఇచ్చి తీరాలి. మేం ఐదుగురం పనిచేసే మ్యాచ్‌లో బంతి మీద నిలబడేది అంపైర్, అంటే నేను. రెఫరీ వెనక నుంచి రెండు చేతులూ అడ్డంగా చాపుతాడు. ఆ సైగ కనపడగానే నేను బంతికి అటో కాలూ ఇటో కాలూ వేసి వంగి నిలబడతాను. బంతిని స్నాప్ చేసే ఆటగాడు, సెంటర్, నా మోకాళ్ల పక్కన చెయ్యి పెట్టుకుని ఎదురుచూస్తుంటాడు. వాడి ఊపిరి నాకు వినిపిస్తుంటుంది. నోట్లో గార్డు అడ్డం పెట్టుకునే "సార్, జరగండి సార్" అంటాడు. నా కళ్లు మాత్రం డిఫెన్స్ పక్క గీత మీదే ఉంటాయి. మూడు సెకన్లలోపు వాళ్లు మార్పు మొదలుపెట్టాలి. ఎవరూ కదలకపోతే నేను వెనక్కి అడుగులేసుకుంటూ తప్పుకుంటాను. ఎవరైనా పరుగెత్తుకొస్తుంటే వాళ్లు లోపలికి వచ్చి, బయటికి వెళ్లేవాళ్లు వెళ్లేదాకా కదలను.

ఆ కాసేపట్లో ఆఫెన్స్ కోచ్ "బంతి మీంచి లే!" అని అరుస్తాడు. డిఫెన్స్ కోచ్ "అప్పుడే లేస్తావేం?" అని అరుస్తాడు. ఒకే మ్యాచ్‌లో ఇద్దరూ నన్ను ఎదుటి జట్టు మనిషినని తేల్చేశారంటే ఆ రాత్రి నా పని బాగానే జరిగిందని అర్థం.

కాబట్టి బ్రేకు ముందునుంచే ఉంది. 2014 ప్రతిపాదనలో కొత్తదల్లా ఏమిటంటే, ఆఫెన్స్ ఎవర్నీ మార్చకపోయినా డిఫెన్స్ కోసం ఆగమనడం. వేగం జట్టు కిటుకంతా అక్కడే ఉంది. ఒకే పదకొండుమందితో ఆడుతూ, ఎదుటివాళ్లు ఎవర్ని పెట్టుకుని చిక్కుకుపోయారో వాళ్లనే మైదానంలో బందీలుగా ఉంచడం. భారీ శరీరం ఉన్న లైన్‌మన్ వరసగా ఎనిమిదో ప్లేకి వంగి మోకాళ్ల మీద చేతులు పెట్టుకుంటే ఆఫెన్స్ కోచ్ కళ్లు మెరుస్తాయి. ఇది మోసం కాదు, ఎత్తుగడ. ఇంకో బ్రేకు కూడా ఉంది. ఎంత వేగమైనా స్నాప్‌కు ముందు పదకొండుమందీ ఒక పూర్తి సెకను కదలకుండా నిలబడాలి. ఆ ఒక్క సెకను సరిగా చూస్తే సగం గొడవలుండవు. చాలామంది అఫీషియల్స్ చూడరు, అది మా తప్పే.

వేగం పెరిగాక మా పని కూడా మారింది. కాలేజీల్లో 2013లో బిగ్ 12 కాన్ఫరెన్స్ ఎనిమిదో అఫీషియల్‌ను పెట్టి చూసింది. సెంటర్ జడ్జ్ అంటారు. బంతిని గబగబా పెట్టడం, మార్పులు జరిగేటప్పుడు కాపలా కాయడం ఆయన ముఖ్యమైన పని. తర్వాత అది పెద్ద కాలేజీల్లో మామూలైపోయింది.

అపోహ: వేగంగా ఆడితే మ్యాచ్ తొందరగా అయిపోతుంది.

అవదు. పాస్ నేల మీద పడితే గేమ్ క్లాక్ (మ్యాచ్ మొత్తానికి నడిచే గడియారం) ఆగుతుంది, స్కోరు కొడితే ఆగుతుంది. ఇవి రెండూ వేగం జట్ల మ్యాచ్‌లలోనే ఎక్కువ. ఇంటికి తొందరగా వెళ్లాలని ఉంటే బంతి పట్టుకుని పరుగులు తీసే రెండు ముసలి పద్ధతుల జట్ల మ్యాచ్ నాకివ్వండి.

అపోహ: 2023 మార్పు వేగం జట్లను చంపడానికే.

1968 నుంచి కాలేజీ ఫుట్‌బాల్లో ఫస్ట్ డౌన్ వస్తే, అంటే పది యార్డులు దాటి మళ్లీ నాలుగు ప్రయత్నాలు దక్కితే, గేమ్ క్లాక్ ఆగేది. 2023లో దాన్ని తీసేశారు. ఇప్పుడు రెండో, నాలుగో క్వార్టర్ల చివరి రెండు నిమిషాల్లో తప్ప ఫస్ట్ డౌన్‌కు క్లాక్ ఆగదు. దీనివల్ల ప్లేలు కొన్ని తగ్గుతాయి. అయితే ఎవరికి ఎక్కువ దెబ్బ? క్లాక్ నడుస్తుండగా 35 సెకన్లు తినేసే జట్టుకు. పదిహేను సెకన్లకే మళ్లీ స్నాప్ చేసేవాడికి అంత బాధ లేదు. 2022లో 52-49తో అలబామాను ఓడించిన టెనెసీ కోచ్ జాష్ హైపెల్ లాంటివాళ్లు ఈ మార్పు తర్వాత కూడా వేగం మానలేదు.

నేను ఈ మార్పు పక్షమే. ప్లేలు తగ్గించాలనుకుంటే ఇలా అందరికీ సమానంగా, బాహాటంగా తగ్గించాలి. ఒక్క ఫిర్యాదు మాత్రం ఉంది. క్లాక్‌లో మిగిల్చిన నిమిషాలను టీవీ యాడ్‌లు మింగేస్తే ఏం లాభం? యాడ్‌ల వైపు చూసే ధైర్యం మాత్రం రూల్స్ రాసేవాళ్లకు లేదు. 2006లో కూడా క్లాక్‌ను గట్టిగా నడిపించాలని చూసి, కోచ్‌లంతా మండిపడితే ఒక్క సీజన్‌కే వెనక్కి తీసుకున్నారు.

అపోహ: దొంగ గాయాలను అఫీషియల్స్ కనిపెట్టి శిక్షించాలి.

వేగానికి డిఫెన్స్ కనిపెట్టిన విరుగుడు ఇది. ఊపిరి ఆడకపోతే ఒకడు పడిపోతాడు. ఆట ఆగుతుంది, మిగతా పదిమందికీ విశ్రాంతి దొరుకుతుంది. పడ్డవాడు ఒక ప్లే బయట కూర్చోవాలి, అంతే.

నాలుగేళ్ల క్రితం ఒక మ్యాచ్‌లో ఒక కుర్రాడు అలాగే కూలబడ్డాడు. అంతకుముందు రెండు ప్లేలకే వాళ్ల కోచ్ పక్కనుంచి ఏదో అరిచాడు. స్టాండ్స్‌లో జనం అరుపులు. నేనూ నటనే అనుకున్నాను. దగ్గరకు వెళ్లి వంగి చూస్తే పిక్క రాయిలా బిగుసుకుపోయి ఉంది, కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి, పళ్లు బిగబట్టి అరవకుండా ఆపుకుంటున్నాడు. ఆ రాత్రి ఇంటికి వెళ్తూ కారులో రేడియో పెట్టుకోబుద్ధి కాలేదు. ఆ తర్వాత పడ్డవాణ్ని చూసి నటుడని అనుకునే హక్కు నాకు లేదని తేల్చుకున్నాను. నేను డాక్టర్ను కాదు.

అందుకే 2025 రూల్ నాకు నచ్చింది. అందులో నటనా, నిజమా అన్న ప్రశ్నే లేదు. తర్వాతి ప్లేకు బంతి పెట్టేశాక ఎవరైనా పడిపోయి, చూడటానికి వైద్య సిబ్బంది లోపలికి వస్తే ఆ జట్టుకు ఒక టైమౌట్ పోతుంది. టైమౌట్లు లేకపోతే ఐదు యార్డులు. నిజంగా గాయపడినవాడు సాధారణంగా ప్లే ముగిసిన చోటే పడి ఉంటాడు. లేచి, వరసలోకి నడిచి, పక్క గీత వైపు చూసి, అప్పుడు పడేవాడి సంగతి వేరు. ఎవరి మనసూ చదవనక్కర్లేకుండా, పడిన సమయం చూస్తే సరిపోయేలా రాశారు.

అపోహ: నెమ్మదివాళ్లు ఎప్పుడూ నెమ్మదే, వేగంవాళ్లు ఎప్పుడూ వేగమే.

1988లో ప్రొఫెషనల్ లీగ్‌లో సిన్సినాటి బెంగాల్స్ కోచ్ సామ్ వైష్ హడిల్ లేకుండా ఆడించాడు. 1989 జనవరిలో బఫెలోతో సెమీఫైనల్ లాంటి మ్యాచ్ ముందు బఫెలో కోచ్ మార్వ్ లెవీ దీని మీద ఫిర్యాదు చేశాడు. లీగ్ వాళ్లు కొద్ది గంటల ముందు బెంగాల్స్‌ను వద్దని హెచ్చరించారు. అయినా బెంగాల్సే గెలిచింది. ఆ తర్వాత హడిల్ లేని ఆటనే తన సొంత పద్ధతిగా చేసుకుని వరసగా నాలుగు సూపర్ బౌల్స్‌కు, అంటే ఆ లీగ్ ఫైనల్స్‌కు, వెళ్లిన జట్టు ఏది? అదే బఫెలో, అదే మార్వ్ లెవీ.

సేబన్ కథా అంతే. ప్రతిపాదన పోయిన ఆ 2014లోనే ఆయన లేన్ కిఫిన్‌ను తెచ్చుకుని ఆఫెన్స్ వేగం పెంచాడు. ఇంకొన్నేళ్లకు అలబామా దేశంలోకెల్లా పాయింట్లు కురిపించే జట్లలో ఒకటయ్యింది. కోచ్‌ల సిద్ధాంతాలు ఏ వైపు ఉంటాయో తెలియాలంటే ఆ ఏడాది వాళ్ల జట్టులో ఎలాంటి కుర్రాళ్లున్నారో చూడాలి.

అపోహ: హెల్మెట్ రేడియో వచ్చింది కాబట్టి ఇక వేగం ఆగదు.

2024 నుంచి పెద్ద కాలేజీల్లో కోచ్ నేరుగా ఒక ఆటగాడి హెల్మెట్‌లోకి మాట్లాడొచ్చు. ప్లే క్లాక్ 15కి వచ్చినా, బంతి స్నాప్ అయినా, ఏది ముందైతే అప్పుడు ఆ లైన్ కట్ అవుతుంది. డిఫెన్స్‌కూ ఒక ఆటగాడికి ఈ సౌకర్యం ఉంది, అది మర్చిపోతారు. అయినా మిగతా పదిమందికి మాట చేరాలంటే ఇంకా చేతి సైగలే, పక్క గీత మీద పైకెత్తే రంగురంగుల బోర్డులే. ఇక మా హైస్కూల్ మైదానాల్లో రాత్రి పదింటికి నాలుగో క్వార్టర్‌లో వినిపించేది మాత్రం ఒకటే మాట: "బంతి మీంచి లే!"