గాడ్జిల్లా అంటే రబ్బరు బల్లేనా? కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

హైదరాబాద్‌లో వీఎఫ్‌ఎక్స్ పని చేస్తాను. సినిమాల్లో వచ్చే వింత జంతువులకు, భూతాలకు కదలిక ఇవ్వడం నా ఉద్యోగం. కొత్తగా చేరిన కుర్రాళ్లు మొదట అడిగేది "పళ్లు ఎన్ని పెడదాం అన్నా?" అని. వాళ్లని కూర్చోబెట్టి 1954 నాటి జపాన్ సినిమా 'గాడ్జిల్లా' చూపిస్తాను. హైడ్రోజన్ బాంబు పరీక్షల వల్ల సముద్రంలోంచి లేచొచ్చి టోక్యోను తొక్కేసే రాకాసి బల్లి కథ అది. చూశాక వచ్చే మాటలు దాదాపు ఇవే.

అపోహ: ఎవరో తీరిగ్గా ఊహించిన రాకాసి కథ.

వాస్తవం: ఆ ఏడాది మార్చి 1న పసిఫిక్ సముద్రంలోని బికినీ దీవుల దగ్గర అమెరికా హైడ్రోజన్ బాంబు పేల్చింది. పేలుడు 6 మెగాటన్నులు (అంటే 60 లక్షల టన్నుల టీఎన్‌టీ మందుతో సమానం) ఉంటుందనుకున్నది 15 దాకా పోయింది. దూరంగా చేపలు పడుతున్న 'లక్కీ డ్రాగన్ 5' అనే జపాన్ పడవ మీద తెల్లటి బూడిద రాలింది. అందులోని 23 మందీ జబ్బుపడ్డారు, రేడియో ఆపరేటర్ సెప్టెంబర్‌లో చనిపోయాడు. రేడియేషన్ తగిలిన ట్యూనా చేపల్ని పారబోశారు. నవంబర్ 3న సినిమా విడుదలైంది. మొదట్లోనే నడిసముద్రంలో కళ్లు చెదిరే వెలుగు, తగలబడే నౌక. థియేటర్లో కూర్చున్నవాళ్లకి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. చేప కొనాలంటేనే టెన్షన్ పడిన ఏడాది అది.

అపోహ: సూట్ వేసుకున్న మనిషే కదా, అందులో భయమేముంది?

వాస్తవం: ఈ మాట అన్నవాళ్లతోనే నాకు గొడవ. గాడ్జిల్లాగా నటించిన హారువో నకజిమా దాదాపు 100 కిలోల సూట్ మోస్తూ నడిచాడు. కెమెరాలో ఫిల్మును మామూలు కన్నా వేగంగా నడిపి తీసి, మామూలు వేగంతో చూపించారు కాబట్టి, తెర మీద అడుగు నెమ్మదిగా, బరువుగా పడుతుంది. కంప్యూటర్లో ఆ బరువు తేవడానికి మేం ఇప్పటికీ తంటాలు పడుతుంటాం.

కానీ నేను ఆపి మళ్లీ చూపించే సీన్‌లో గాడ్జిల్లా ఉండదు. దాడి తర్వాత ఆసుపత్రి. నేల మీదంతా క్షతగాత్రులు. ఒకతను ఒక పసిబిడ్డ దగ్గర గీగర్ కౌంటర్ (రేడియేషన్ కొలిచే పరికరం) పెట్టి చూసి, తల అడ్డంగా ఊపుతాడు. దర్శకుడు ఇషిరో హోండా యుద్ధం నుంచి తిరిగొస్తూ హిరోషిమాను కళ్లారా చూసినవాడు.

అపోహ: ఆ అరుపు ఏదో జంతువుది.

వాస్తవం: కాదు. డబుల్ బాస్ అనే, వయొలిన్‌లాంటి పెద్ద వాయిద్యం తీగల్ని వదులు చేసి, తోలు గ్లౌజుతో రుద్దారు. అంతే.

అపోహ: రాకాసికి ఎప్పటికీ ఒకటే అర్థం.

వాస్తవం: 1956లో అమెరికాలో విడుదల చేసినప్పుడు ఒక అమెరికన్ విలేకరి పాత్రను అతికించారు. బాంబు గురించిన మాటలు చాలావరకు కత్తెర పాలయ్యాయి. బల్లి మిగిలింది, భయం పోయింది. తర్వాత జపాన్‌లోనే అది పిల్లల నేస్తమైపోయింది. 2016లో వచ్చిన 'షిన్ గాడ్జిల్లా' మళ్లీ దాన్ని భయం దగ్గరికే తెచ్చింది. ఈసారి వెనకున్నది 2011 సునామీ, ఫుకుషిమా అణు విద్యుత్ కేంద్రం ప్రమాదం. సినిమాలో గాడ్జిల్లా నగరాన్ని నాశనం చేస్తుంటే అధికారులు ఒక మీటింగ్ హాల్ నుంచి ఇంకో హాల్‌కి మారుతుంటారు. నన్నడిగితే అందులో బల్లి కన్నా ఆ మీటింగులే ఎక్కువ భయపెడతాయి.